పెచ్చులూడిన ట్యాక్సీవే మీద మెల్లగా పోతే సరిపోతుందా?

మీరు ముఖ్యంగా అడిగినవి రెండు. ఒకటి: మీరు శిక్షణ తీసుకుంటున్న చోట ట్యాక్సీవే (విమానం రన్‌వే దాకా నడిచే దారి) పెచ్చులూడిపోయి, కంకర పైకి తేలి ఉంది. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానాన్ని దాని మీద నడపాలంటే మీకు బెరుకుగా ఉంది. సీనియర్లు మాత్రం "మెల్లగా పోతే ఏమీ కాదు" అంటున్నారు. అది నిజమేనా? రెండు: మన వరంగల్ దగ్గరి మామునూరులో పాత రన్‌వే ఎలాగూ ఉంది కదా, కొత్త విమానాశ్రయం పూర్తయ్యేలోగా చిన్న విమానాలనైనా దానిమీద దింపుకోవచ్చు కదా?

ముందు సమాధానాలు చెప్పి, తర్వాత కారణాలు చెప్తాను. మెల్లగా పోవడం మంచిదే, కానీ అది సగం జాగ్రత్తే. చెడిపోయిన నేల మీద విమానానికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఇంజిన్ పవర్ వల్ల జరుగుతుంది. విమానం కదలకుండా నిలబడి ఉండగా ఇంజిన్ గట్టిగా తిరుగుతున్న సమయమే అన్నిటికంటే చెడ్డది. మీ సీనియర్లు చెప్పే సూత్రంలో ఈ ముక్క లేదు. ఇక మామునూరు గురించి నా మాట: దింపకూడదు.

నేను విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు కాజీపేటలో ఉంటున్నాను. మొదట శిక్షణ విమానాలు, తర్వాత ఏటీఆర్‌లు అనే ప్రొపెల్లర్ ప్రయాణికుల విమానాలు చూశాను. పైలట్‌ను కాను. మీరు విమానం దిగి వెళ్లిపోయాక దాని కింద దూరి, ఏ రాయి ఎక్కడ తగిలిందో వెతికేవాణ్ని. కాబట్టి నేను చెప్పేదంతా కింది నుంచి చూసినవాడి మాటగా తీసుకోండి.

కంకర పైకి ఎలా లేస్తుంది?

చక్రం తొక్కితేనే రాయి ఎగురుతుందని చాలామంది అనుకుంటారు. అలా కూడా ఎగురుతుంది, కానీ అది చిన్న భాగం. ప్రొపెల్లర్ బ్లేడు చివర నేలకు దగ్గరగా తిరుగుతున్నప్పుడు అక్కడ గాలి పీడనం పడిపోయి, నేలకూ ప్రొపెల్లర్‌కూ మధ్య సన్నని సుడి పుడుతుంది. వానాకాలంలో తడి ఏప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద ఏటీఆర్ నిలబడి పవర్ పెంచినప్పుడు గమనించండి, నీళ్లు దారంలా పైకి లేవడం కొన్నిసార్లు కంటికే కనిపిస్తుంది. నీటిని లాగే సుడి చిన్న కంకరనూ లాగుతుంది. విమానం ముందుకు కదులుతున్నా, ఎదురుగాలి వీస్తున్నా ఆ సుడి నిలదొక్కుకోలేక చెదిరిపోతుంది. విమానం ఆగి ఉండి గాలి కూడా లేకపోతే అది స్థిరపడి తన పని తాను చేసుకుంటుంది.

ఇక్కడ చిన్న లెక్క. 172ఎస్ ప్రొపెల్లర్ వ్యాసం 76 అంగుళాలు, అంటే దాదాపు 1.93 మీటర్లు. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే బ్లేడు చివర వేగం గంటకు సుమారు 360 కిలోమీటర్లు. రన్-అప్‌లో, అంటే టేకాఫ్‌కు ముందు విమానాన్ని ఆపి ఇంజిన్ పరీక్షించేటప్పుడు, 1800కు తీసుకెళ్తే అది 650 దాటుతుంది. మీరు మనిషి నడకంత మెల్లగా పోతున్నారు, నిజమే, కానీ రాయి తగిలేది ఆ బ్లేడుకు. దెబ్బ తీవ్రత వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1000 నుంచి 1800కు వెళ్లేసరికి అదే రాయి మూడు రెట్లకు మించిన శక్తితో తగులుతుంది.

తగిలితే ఏమవుతుంది? బ్లేడు ముందు అంచున చిన్న గాటు పడుతుంది. చూడటానికి అది ఏమంత కనిపించదు. కానీ బ్లేడు తిరిగినంతసేపూ లోహం మీద పడే ఒత్తిడి అంతా ఆ గాటు మొనలో పోగవుతుంది. అక్కడి నుంచి వెంట్రుకంత పగులు మొదలై లోపలికి పాకుతుంది. ఆకాశంలో ఉండగా బ్లేడు చివరి ముక్క ఊడిపోతే రెండు బ్లేడుల తూకం తప్పి, ఆ అదురుకు ఇంజిన్ దాని బిగింపుల నుంచే ఊడివచ్చే ప్రమాదం ఉంది. అందుకే మేము గాటు కనబడగానే ఆకురాయితో నున్నగా సాపుచేసి, మూలలు లేకుండా చేసి, పగులు లేదని రంగు ద్రవంతో పరీక్షించి, మిగిలిన వెడల్పు తయారీదారు పరిమితిలో ఉందో లేదో కొలిచి, అప్పుడే విమానాన్ని వదులుతాం.

నేను పనిచేసిన ఒక శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలుగా ప్రొపెల్లర్లన్నీ గాట్లతో వస్తుండేవి. ట్యాక్సీవే మొత్తం తిరిగి చూశాం. గుంతలున్న భాగంలో పెద్దగా రాళ్లు లేవు. అసలు చోటు రన్-అప్ చేసే మలుపు. అక్కడ తారు ఎండి గుల్లబారి, వేలితో గీరితే చిప్స్ రాలుతున్నాయి. ప్రతి విద్యార్థీ సరిగ్గా అక్కడే ఆగి, బ్రేకులు తొక్కి, మాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ పుట్టించేవి) పరీక్షిస్తున్నాడు. రన్-అప్ స్థలాన్ని ఏప్రాన్ కాంక్రీటు మీదికి మార్చాక ఆ బెడద చాలావరకు తగ్గింది. ట్యాక్సీవేకు అప్పటికి ఎవరూ మరమ్మతు చేయలేదు.

రాళ్లు వెనక్కి కూడా పోతాయి. మీ విమానంలో రెక్క పైన ఉంటుంది కాబట్టి దానికి ముప్పు తక్కువ. తోక దగ్గరి అడ్డరెక్క ముందు అంచు, దాని అడుగు భాగం, పొట్ట కింద యాంటెన్నాలు మాత్రం దెబ్బతింటాయి. ఫ్లయిట్‌కు ముందు తనిఖీలో చాలామంది రెక్కల మీద చూపించే శ్రద్ధ తోక కింద చూపించరు. వంగడం కష్టమని కాబోలు.

గుంత సంగతి వేరు

172లో ముందు చక్రం సరైన గాలితో, స్ట్రట్ (చక్రం పైనుండే, కుదుపును మింగే కాలు) సరైన ఎత్తులో ఉన్నప్పుడు బ్లేడు చివరకూ నేలకూ మధ్య ఉండేది సుమారు 11 అంగుళాలే. స్ట్రట్‌లో నైట్రోజన్ తగ్గినా, టైరులో గాలి తగ్గినా అందులో రెండు మూడు అంగుళాలు అప్పటికే పోయినట్టు. ఇక చక్రం గుంతలో దిగుతూ ఉండగా మీరు కంగారుపడి బ్రేకు తొక్కారనుకోండి, ముక్కు ఇంకా వంగుతుంది. గుంత లోతు, స్ట్రట్ కుంగుడు, బ్రేకు వంగుడు మూడూ కలిస్తే బ్లేడు నేలను తాకుతుంది. ఒక్కసారి తాకితే, ఐడిల్‌లో (అతి తక్కువ పవర్‌లో) ఉన్నా సరే, ఇంజిన్‌ను విప్పి క్రాంక్‌షాఫ్ట్ దాకా చూడాల్సిందే. బయటికి బ్లేడు చివర కాస్త వంగినట్టే కనిపిస్తుంది, బిల్లు మాత్రం లక్షల్లో వస్తుంది.

అందుకే బ్రేకు గుంతకు ముందే వేయాలి, గుంతలో దిగేటప్పుడు వదిలేయాలి. కంట్రోల్ వీల్‌ను వెనక్కి లాగి పట్టుకుంటే ముందు చక్రం మీద భారం తగ్గుతుంది. వెనుక నుంచి గట్టి గాలి వీస్తున్నప్పుడు ఇది పనికిరాదు. అప్పుడు గాలి దిశను బట్టి మీకు నేర్పిన పద్ధతే పాటించండి. ప్యాచ్ అంచు గట్టులా లేచి ఉంటే కొంచెం ఏటవాలుగా దాటండి, వెనుక రెండు చక్రాలకూ ఒకేసారి దెబ్బ తగలదు. మరీ ఏటవాలైతే అంచు టైరు పక్కగోడను కోస్తుంది.

నీళ్లు నిలిచిన గుంతను నమ్మకండి. జులై, ఆగస్టుల్లో లోతు ఎంతో పైనుంచి తెలియదు, అడుగున కంకర పేరుకొని ఉంటుంది. దారి ఉంటే చుట్టూ తిరిగి వెళ్లండి. దారి లేకపోతే ఆగి, ఇంజిన్ ఆపి, చేతులతో తోసుకుంటూ దాటించండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. వాళ్లు ఆ బిల్లు కట్టరు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన పవర్ మాటకు వస్తాను, ఎందుకంటే గుంతా కంకరా ఒకదానికొకటి తోడు. చక్రం గుంతలో కూరుకుని విమానం ఆగిపోతే బయటికి రావడానికి పవర్ పెంచాలి. గుంత ఏర్పడిందంటే అక్కడి కంకర ఊడినట్టే, అది అక్కడే చుట్టూ పడి ఉంటుంది. అంటే రాళ్లు ఎక్కువగా ఉన్న చోటే, విమానం ఆగి ఉన్నప్పుడే, మనం ఎక్కువ పవర్ ఇస్తాం. నేను చూసిన పెద్ద గాట్లలో చాలావాటి వెనుక కథ ఇదే. దీన్ని తప్పించుకోవాలంటే పాడైన భాగం చేరకముందే నడకంత వేగం సంపాదించి, థ్రాటిల్ (పవర్ మీట) ఐడిల్‌కు తెచ్చి, ఆ ఊపుతో దాటేయాలి. అంటే మరీ మెల్లగా పోయి మధ్యలో ఆగిపోవడం కూడా తప్పే. చిక్కుకుపోతే థ్రాటిల్ తోయకండి, ఇంజిన్ ఆపేసి మనుషులను పిలవండి. టేకాఫ్‌కు కూడా అంతే. కంకర ఉన్న చోట బ్రేకులు తొక్కిపట్టి పూర్తి పవర్ ఇవ్వడం కంటే, ముందు కదలనిచ్చి తర్వాత క్రమంగా పెంచడం ప్రొపెల్లర్‌కు మంచిది. రన్‌వే పొడవు చాలినప్పుడే ఇది. మీ ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడకుండా సొంతంగా మొదలుపెట్టవద్దు.

రన్‌వే బాగుంది, ట్యాక్సీవే ఎందుకు పాడైంది?

మీరు ఈ మాట పైపైన అడిగారు కానీ దీనికి మంచి సమాధానం ఉంది. రన్‌వే మధ్య భాగంలో విమానం వేగంగా పోతుంది, రెక్కలు అప్పటికే కొంత బరువు మోస్తుంటాయి. ట్యాక్సీవే మీద పూర్తి ఇంధనంతో, పూర్తి బరువుతో, మెల్లగా పోతుంది. తారు స్వభావం ఏమిటంటే, బరువు దాని మీద ఎంత ఎక్కువసేపు ఉంటే అంత ఎక్కువ కుంగుతుంది. పైగా ట్యాక్సీవే ఇరుకు కాబట్టి అన్ని విమానాల చక్రాలూ ఒకే గీతలో పోతాయి. అందుకే ట్యాక్సీవేలనూ రన్‌వే చివర్లనూ రన్‌వే మధ్య భాగం కంటే మందంగా వేసే పద్ధతి ఉంది. నిధులు తగ్గినప్పుడు ముందు కోత పడేది కూడా ట్యాక్సీవేకే. రన్‌వే అందరికీ కనిపిస్తుంది మరి.

మన ప్రాంతంలో దీనికి ఎండ తోడవుతుంది. రామగుండం, ఆదిలాబాద్ వైపు మే నెలలో గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో కాలిన నల్లటి తారు అంతకంటే ఎంతో వేడెక్కుతుంది. 2012 జులైలో అమెరికాలో, వాషింగ్టన్‌లోని రేగన్ విమానాశ్రయంలో ఒక చిన్న జెట్ చక్రం ఎండకు మెత్తబడిన తారులో దిగబడిపోయింది. మామూలుగా లాగే బండి చాలక పెద్ద బండి తెచ్చి బయటికి లాగారు. అక్కడ ఆరోజు ఉన్న వేడి మన మే నెల కంటే ఎక్కువేమీ కాదు. శిక్షణ విమానం దిగబడేంత బరువుండదు, కానీ పెద్ద విమానాలు గంటల తరబడి నిలిచే చోటు కాంక్రీటుతో వేయడానికి ఇది ఒక కారణం. రెండో కారణం ఇంధనం. కారిన కిరోసిన్ జాతి ఇంధనం తారును కరిగిస్తుంది, అక్కడి నుంచే కంకర రాలడం మొదలవుతుంది.

నేల కూడా చూడాలి. వరంగల్ చుట్టుపక్కల ఎర్రచెలక, నల్లరేగడి పక్కపక్కనే కనిపిస్తాయి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. దాన్ని తవ్వి తీసేయకుండా, లేదా సున్నం వంటివి కలిపి గట్టిపరచకుండా పైన ఎంత తారు పోసినా ఆ కదలిక పైకి వచ్చి తీరుతుంది. మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా పగుళ్లు కనబడితే జబ్బు పై పొరది కాదు, అడుగుది. దాని మీద ఇంకో పొర పరిస్తే కొన్నాళ్లకు అవే పగుళ్లు కొత్త పొరలోనూ తేలుతాయి.

ప్యాచ్‌ల గురించి నాకున్న కోపం కూడా ఇక్కడే తీర్చుకుంటాను. సరైన ప్యాచ్ అంటే పాడైన భాగాన్ని గట్టి అంచు దొరికేదాకా చదరంగా కోసి, దుమ్ము ఊది, అంచులకు పలుచటి తారు పూసి, వేడి మిశ్రమం పోసి, రోలర్‌తో తొక్కించి, చివర ఊడ్చాలి. నేను ఎక్కువగా చూసినది వేరు. ఎవరో పెద్దమనిషి విమానంలో వస్తున్నారని తెలియగానే రాత్రికి రాత్రి గుంతలో చల్లటి మిశ్రమం పోసి పారతో చదును చేసేవారు. రెండు వానలకు అది మొత్తం విడి కంకర అయ్యేది. అలాంటి ప్యాచ్ కంటే శుభ్రంగా ఊడ్చిన గుంతే నయం. గుంతైతే కనిపిస్తుంది, తప్పించుకుంటాం.

ఊడ్చే యంత్రాల్లోనూ ఒక తిరకాసు ఉంది. ఉక్కు కుచ్చు బ్రష్‌ల తీగలు ఊడి నేల మీద పడిపోతాయి, టైర్లలో దిగుతాయి. ఏటీఆర్ టైరులోంచి అలాంటి తీగను నేనే పీకాను. ఊడ్చాక కూడా మనిషి నడిచి చూడాలి.

పెద్ద జెట్‌ల విషయం క్లుప్తంగా చెప్తాను, మీకు ఇప్పుడే అవసరం లేదు. బోయింగ్ 737 ఇంజిన్ నోరు నేలకు అర మీటరు ఎత్తులో ఉంటుంది, అంటే అది నేల మీది చెత్తను ఇట్టే లాక్కుంటుంది. పాత 737-200ను కంకర రన్‌వేల మీద నడపడానికి ముందు చక్రం దగ్గర రాళ్లను ఆపే పలకనూ, ఇంజిన్ ముందు సుడిని చెదరగొట్టే గాలి గొట్టాలనూ ప్రత్యేకంగా అమర్చేవారు. తర్వాత వచ్చిన పెద్ద ఇంజిన్ల 737లకు అటువంటి ఏర్పాటు లేదు. నేల మీద పడిన వస్తువు ఎంత చేయగలదో 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ చూపించింది. అంతకుముందు వెళ్లిన విమానం నుంచి రన్‌వే మీద ఊడిపడిన 43 సెంటీమీటర్ల లోహపు పట్టీ టైరును చీల్చింది, 113 మంది చనిపోయారు. అది నేల పాడై పుట్టిన ముక్క కాదు, కానీ నేలను నడిచి చూడటం ఎందుకో అర్థమవుతుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం చిన్న రన్‌వేలున్న చోట రోజుకు కనీసం ఒకసారి, పెద్దవాటిలో కనీసం రెండుసార్లు విమానాలు తిరిగే నేలంతా తనిఖీ చేయాలి. మీ దగ్గర ఆ తనిఖీ రిజిస్టరు ఉందో లేదో ఒకసారి అడిగి చూడండి.

మామునూరు ఎందుకు వద్దు

మామునూరు నిజాం హయాంలో 1930లో తయారైన విమానాశ్రయం, 1981 వరకు వాడుకలో ఉంది. మన తాతలు అక్కడ విమానాలు చూశామని చెప్పుకునేది నిజమే. కానీ ఆ కాలపు డకోటా వంటి విమానం బరువు సుమారు 12 టన్నులు. ఇప్పటి ఏటీఆర్ 72 బరువు 23 టన్నుల దాకా, ఎయిర్‌బస్ ఏ320 బరువు 78 టన్నుల దాకా ఉంటుంది. సరే, మీరడిగింది చిన్న విమానాల గురించి, సెస్నా 172 టన్నుకు కాస్త పైన. ఆ బరువును పాత రన్‌వే మోయగలదు. అడ్డంకి బరువు కాదు.

వాడకుండా వదిలేసిన తారు వాడిన తారుకంటే బాగుంటుందని ఒక భ్రమ ఉంది. ఎండకూ గాలికీ తారులో జిగురు ఎండిపోతుంది, కంకరను పట్టుకునే బలం పోతుంది. పైనుంచి చూస్తే చదునుగానే ఉంటుంది, చక్రం తిరిగితే రాలుతుంది. పగుళ్లలో గడ్డి మొలుస్తుంది, తర్వాత సర్కారు తుమ్మ, వాటి వేళ్లు పగులును వెడల్పు చేస్తాయి. మన దగ్గర ఎక్కడ చదునైన నేల ఖాళీగా కనిపించినా వడ్లో మక్కలో ఆరబోస్తారు, పట్టాలు ఎగరకుండా అంచున రాళ్లు పెడతారు. గింజలు ఎత్తుకుపోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి. మిగిలిన గింజల కోసం పక్షులు వస్తాయి. రైతును అనడం లేదు. కాపలా లేని చదును అలాగే వాడుకలోకి వస్తుంది. రామగుండం దగ్గరి బసంత్‌నగర్, ఆదిలాబాద్ వంటి పాత ఎయిర్‌స్ట్రిప్‌ల గురించి "ఉన్నదే వాడుకోవచ్చు కదా" అనేవాళ్లకూ ఇదే చెప్తాను. అనుమతి, కంచె, అగ్నిమాపక బండి, రోజువారీ తనిఖీ లేకుండా అది తారు పరిచిన మైదానం. మూసేసిన రన్‌వే మీద తెల్లటి ఎక్స్, ట్యాక్సీవే మీద పసుపు ఎక్స్ గుర్తు వేసేది ఇందుకే. పైనుంచి ఆ గుర్తు కనబడితే అత్యవసరమైతే తప్ప దిగకూడదు.

2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలకు అదనంగా 253 ఎకరాల భూసేకరణ అందులో భాగం. కొత్త రన్‌వే, ట్యాక్సీవేలు వేసేటప్పుడు అడగవలసిన ప్రశ్న పై పొర ఎంత నల్లగా మెరుస్తోందని కాదు. బరువు పడేసి నేల ఎంత కుంగుతుందో కొలిచే పరీక్ష చేశారా, నమూనాలు తవ్వి చూశారా, వాన నీరు పక్కకు పోయే వాలు, కాలువలు ఉన్నాయా అని అడగాలి. నీరు నిలిచే చోట ఏ తారూ ఎక్కువ కాలం నిలవదు.

చివరిగా, మీ చోట రేపటి నుంచి మీరు చేయగలిగినవి. ఫిర్యాదు నోటితో చేయకండి. ఫలానా ట్యాక్సీవే, ఫలానా గుర్తు నుంచి ఇన్ని మీటర్ల దూరం, ఇంత లోతు అని ఫోటోతో రాసి మీ సంస్థ భద్రతా అధికారికీ విమానాశ్రయ మేనేజరుకూ ఇవ్వండి. అలా రాసి ఇస్తేనే దాని మీద పైలట్లకు నోటీసు జారీ చేయమని అడగడానికి ఆధారం ఉంటుంది. పేరు బయటపడుతుందనే భయం ఉంటే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు స్వచ్ఛందంగా నివేదించే దారి కూడా ఉంది. ఫ్లయిట్‌కు ముందూ తర్వాతా, తాళంచెవి బయటికి తీశాకే, ప్రొపెల్లర్ దారిలో నిలబడకుండా, బ్లేడు ముందు అంచు మీద గోరు ఆనించి చివరిదాకా నడిపించండి. గోరు ఎక్కడ ఆగితే అక్కడ గాటు ఉంది. ఆగితే ఎగరవద్దు, ఇంజినీరును పిలవండి. "నిన్న కూడా ఉంది, ఎగిరారు కదా" అని ఎవరైనా అంటే, నిన్న ఎగిరినవాళ్ల సంతకం లాగ్‌బుక్కులో ఉందేమో చూపించమనండి.